ఆకుపచ్చ సీసా మీద నా కోపం

ఆ రోజుల్లో నాకు కోపం ఇట్టే వచ్చేది. వచ్చినప్పుడల్లా న్యాయం నావైపే ఉందనిపించేది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అవగానే నాచారంలో ఓ చిన్న కంపెనీలో చేరాను. కంటికి కనిపించనంత చిన్న గాజు రేణువులు చేసి, వాటికి బంగారు పొర తొడగడం నా పని. (ఇంట్లో చెబితే మా అత్తమ్మ, "గట్లయితే నాకు కమ్మలెప్పుడు తెస్తవ్?" అంది.) పొర మందాన్ని బట్టి ఆ రేణువులు కలిపిన నీళ్ల రంగు మారుతుంది. జబ్బులు పరీక్షించే పట్టీల మీద గీత పడటానికి ముదురు ఆకుపచ్చ కావాలన్నారు. మూడు వారాలు తిప్పలుపడి ఆ రంగు రప్పించాను.

పట్టీలు తయారుచేసే వాళ్ల తరఫున ఒక పెద్దావిడ చూడటానికి వచ్చే రోజున, ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కి ముందే వెళ్లిపోయాను. ముందురోజు నేను నింపిపెట్టిన సీసా బల్ల మీద ఆకుపచ్చగా మెరుస్తోంది. మురిపెంగా లేజర్ లైటు వేశాను. రేణువులుంటే లోపల వెలుగు గీతలా కనబడాలి. ఏ గీతా లేదు! చెత్తబుట్టలో మిఠాయిల్లో కలిపే రంగు పొట్లం ఖాళీది కనబడింది. ఒళ్లు మండిపోయింది. సరిగ్గా అప్పుడే మా ల్యాబ్ చూసుకునే ఆయన (అందరం 'అన్నా' అనే పిలిచేవాళ్లం) ఆ పెద్దావిడను లోపలికి తీసుకొచ్చాడు.

"ఏందన్నా ఇది? రంగు నీళ్లు పెట్టి నా కష్టమంతా ఏంజేసినవ్? ఇంత మోసమా?" అని ఆవిడ ముందే అరిచాను.

అన్న అల్మారాలోంచి ఇంకో సీసా తీశాడు. పైన తేట నీళ్లు, అడుగున బూడిదలాంటి మడ్డి. "గిదే నీది, చెల్లె. పొద్దుగాల సూస్తే గిట్లయింది. రంగు ఎట్లుంటదో సూపెడదామని ఊకె గా రంగునీళ్లు పెట్టిన. మేడంకు ముందుగాలనే చెప్పిన."

పెద్దావిడ మడ్డిని వెలుతురుకు పట్టి చూసింది. "సీసా దేంతో కడిగావమ్మా?"

"డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది మేడం... బోరు నీళ్లతో."

"అందులో ఉప్పులుంటాయి కదా! రేణువులన్నీ అతుక్కుని కిందికి దిగిపోయాయి." (పరీక్షలో ఇదే ప్రశ్నకు నేను పేజీన్నర రాశాను.)

ఆవిడ ఇంకో అవకాశం ఇచ్చింది. ఈసారి సీసాలన్నీ అన్నే కడిగి ఇచ్చాడు. రంగు నిలిచింది, ఆర్డరూ వచ్చింది. అయినా నేను ఆయనతో మాట్లాడలేదు! నలుగురిలో నా తప్పు బయటపెట్టాడని అలక. తప్పు చేసింది నేను, అరిచింది నేను, చివరికి అలిగిందీ నేనే. ఆ అలక తీరేలోపే వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను. చివరి రోజు గేటు దాకా వచ్చి, "పైలం, చెల్లె" అన్నాడు. ఆ జాగ్రత్త మాటకు నేను తల మాత్రం ఊపాను. ఎంత పొగరో!