దుప్పి వెంట బైనాక్యులర్

మా మేనమామ కొడుకు పొలం ఇబ్రహీంపట్నం దాటాక, కొండపల్లి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. గట్టు మీద నిలబడితే ఒకవైపు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, ఇంకోవైపు కొండ. వేరుశనగ వేస్తే అడవి పందులు వదలవు. అందుకని అక్కడి రైతులు చేను చుట్టూ గుంజలు పాతి పాత చీరలు కడతారు. ఊగే రంగులకూ, మనిషి వాసనకూ జడిసి పందులు వెనక్కి పోతాయని నమ్మకం. చాలాసార్లు పోతాయి కూడా.

ఏటా బావ ఇంట్లో చివికిన నేత చీరలే కట్టేవాడు. ఇప్పుడా ఇంట్లో నేత చీర కట్టేవాళ్ళు లేరు. ఈసారి పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వ్యాపారి దగ్గర ఒక మూట కొన్నాడు. అన్నీ సింథటిక్ చీరలు. వానకు చివకవు, లాగితే చిరగవు. మంచి సరుకు దొరికిందని నాతో గొప్పగా చెప్పాడు. ఆ చిరగకపోవడమే కొంప ముంచింది.

ఒకరోజు తెల్లవారగానే ఫోన్ చేశాడు.

"ఒకసారి రారా. కంచెలో దుప్పి పడింది."

"చచ్చిందా బావా?"

"చస్తే ఇక్కడే ఉండేదిగా. చీర కొమ్ములకి చుట్టుకుంది. గింజుకుని గింజుకుని, గుంజ పీక్కుని అడవిలోకి పోయింది. మెడకి కూడా పడినట్టుంది. ఫారెస్టు ఆఫీసుకి చెప్పా."

ఆ చీర ఏ ముళ్ళపొదకో తగులుకుంటే దుప్పి ఉరిపోసుకున్నట్టే. బావ చీరతో దుప్పి చచ్చి దొరికితే, ఉచ్చు పెట్టి చంపాడన్న కేసు ఆయన మీద పడుతుంది. అయినా ఆయన నాకు ఫోన్ చేసింది కేసు భయంతో మాత్రమే కాదు. పుట్టినప్పటి నుంచీ ఆ కొండ దుప్పులను చూస్తూ పెరిగిన మనిషి.

విజయవాడ నుంచి ఆటోలో వెళ్ళాను. బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద పక్షులను చూడటానికి కొనుక్కున్న బైనాక్యులర్ మెడలో వేసుకున్నాను. బావ దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"అదెందుకురా? సినిమా తీస్తావా?"

"చీర ఏ పొదలో ఉందో దూరం నుంచే కనపడితే, దగ్గరికి పోయి బెదరగొట్టక్కర్లేదుగా."

"వంగినప్పుడల్లా చొక్కా గుండీలకి టక్కు టక్కున కొట్టుకుంటది. ఆ చప్పుడికి కొండ దాటిపోద్ది. అయినా అడవిలో చెయ్యి ఎత్తినా చూసేస్తది దుప్పి. నువ్వు దాన్ని కళ్ళకి పెట్టుకునేలోపు నిన్ను అది చూసేసి ఉంటది."

ఫారెస్టు రేంజి ఆఫీసరు ఫోన్లో చెప్పింది ఒక్కటే. వెంటపడి తరమొద్దు, భయంతోనే గుండె ఆగి చస్తుంది. ఎక్కడుందో కనిపెట్టి దూరంగా కూర్చోండి, మత్తు సూది వేసే డాక్టర్ని తీసుకుని వస్తాం. అంటే మేము చేయాల్సిన పని చూడటం. చూడటానికే వెళుతూ చూసే వస్తువు వద్దంటే నాకు నచ్చలేదు. చివరికి దాన్ని చొక్కా లోపల వేసుకుని, పైన తువ్వాలు బిగించి కట్టుకున్నాను. బావ చిన్న కొడవలి నడుముకు దోపుకుని ముందు నడిచాడు.

వేట ఎప్పుడో మానేసిన ఇల్లు మాది. కానీ తాత నడిచిన పద్ధతి బావ కాళ్ళలో మిగిలి ఉంది. కొన్ని అడుగులు, ఆగడం, చుట్టూ చూడటం, మళ్ళీ కొన్ని అడుగులు. గాలి మొహానికి తగిలేటట్టు చూసుకోవడం. గుంజ ఈడ్చుకుపోయిన గీత మట్టిలో తేటగా ఉంది. కొంత దూరం పోయాక గుంజ ఊడి పడి ఉంది. అక్కడి నుంచి గిట్టల గుర్తులు తప్ప ఏమీ లేవు. ఒకచోట రాయి మీద రక్తపు మరక. బావ దాన్ని వేలితో తాకి, వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

వాగు పక్కన చెట్లు పలచబడ్డాయి. ఎదుటి వాలు మీద గులాబీ రంగు ఏదో కదిలినట్టనిపించింది. చీరేమోనని బైనాక్యులర్ బయటకు తీసి కళ్ళకు పెట్టుకున్నాను. బావ తలవంచి గిట్టల గుర్తులు చూస్తున్నాడు. ఆయన చూపు కాళ్ళ దగ్గర, నా చూపు ఎదుటి కొండ మీద. మధ్యలో ఉన్నదాన్ని ఇద్దరమూ చూడలేదు. మాకు రాయి విసిరితే తగిలేంత దూరంలో, పరికి ముళ్ళపొద వెనక పడుకుని ఉన్న మగ దుప్పి ఒక్కసారిగా లేచింది. బైనాక్యులర్ దించేసరికి కొమ్ములూ, వాటి వెనక తోకలా ఈడ్చుకుపోతున్న చీరా వాగులోకి దూకుతూ కనిపించాయి. అవతలి ఒడ్డున కొమ్మలు విరిగిన చప్పుడు. తరువాత ఏ చప్పుడూ లేదు.

నేను ముందుకు కదలబోతే బావ నా చెయ్యి పట్టుకుని కిందకు లాగాడు.

"కూర్చో. మనం పరిగెత్తితే అదీ పరిగెత్తుద్ది."

కూర్చున్నాం. బావ పళ్ళు బిగించి అన్నాడు: "కొండ మీద ఏం కనపడింది నీకు?"

"ఎర్రటి చిగురు."

"చాలా బాగుంది."

 కాసేపటికి ఒక తుమ్మ మొద్దు చాటు నుంచి మళ్ళీ బైనాక్యులర్ పెట్టాను. ఈసారి దగ్గరి నుంచి దూరానికి, ఒక్కో పొదనూ జల్లెడ పట్టినట్టు చూసుకుంటూ పోయాను. వాగు అవతల, ఉత్త కంటికి నీడలా మాత్రమే ఉన్న ముళ్ళ గుబురులో చెవి ఆడింది. తరువాత కన్ను. చీర కొంగు ముళ్ళ మోడుకు చుట్టుకుపోయింది. రెండో మడత గొంతు కింద ఉంది. దుప్పి వెనక్కి గుంజినప్పుడల్లా ఆ మడత బిగుస్తోంది. ముందుకాళ్ళు మోకరిల్లాయి.

బావకు ఇచ్చాను. ఆయన తన కళ్ళజోడు తీసి, పెట్టి, కుస్తీపట్టి తిరిగిచ్చేశాడు. "నాకు అంతా మసక. నువ్వే చూసి చెప్పు."

ఆఫీసరుకు ఫోన్ చేశాడు. డాక్టరు ఇంకా విజయవాడ శివారు దాటలేదట. గొల్లపూడి దగ్గర ట్రాఫిక్. ఎంతసేపైనా దగ్గరికి మాత్రం పోవద్దన్నారు. ఫోన్ పెట్టేసి బావ నా వైపు తిరిగాడు.

"అప్పటిదాకా ఆగుద్దా?"

"నాకేం తెలుసు బావా?"

"ఆగుద్దో లేదో చెప్పమనట్లా. కనపడేది చెప్పు. నోరు తెరిచిందా?"

"తెరిచింది."

"నాలుక?"

"బయటికి వేలాడుతోంది."

"ఏ రంగు?"

ఇన్నేళ్ళు పత్రికలో పనిచేశాను. చూసింది రాయడం, చూడనిది రాయకపోవడం నా ఉద్యోగం. రాసిన దాని వల్ల ఏం జరిగినా మరునాడు జరిగేది. ఇక్కడ నేనన్న మాట అన్న క్షణానే పని చేస్తుంది. గుబురు నీడ వల్ల అలా ఉందేమోనని మళ్ళీ చూశాను. ఎండ పడుతున్న మూతి మీద చూశాను.

"ఎరుపు లేదు. నల్లబడుతోంది."

బావ నా చొక్కా మీది తువ్వాలు విప్పుకుని లేచాడు. వద్దన్నాను. ఆఫీసరు మాట గుర్తు చేశాను.

"పోతే బెదిరి చస్తదేమో. పోకపోతే చస్తదిగా. నేను దానికి కనపడని వైపు నుంచి పోతా. అది తల నా వైపు తిప్పితే చెయ్యి ఎత్తు, ఆగుతా."

ఆయన వాగులోకి దిగి, పైకి చుట్టి వెళ్ళాడు. నేను దుప్పి కన్ను మీద నుంచి చూపు తిప్పలేదు. ఒకసారి చెవులు వెనక్కి తిరిగాయి. చెయ్యి ఎత్తాను. బావ ఎక్కడున్నాడో నాకు కనపడటం లేదు, నా చెయ్యి ఆయనకు కనపడిందో లేదో తెలియదు. చెవులు మళ్ళీ వాలాయి. చెయ్యి దించాను. వెనక నుంచి తువ్వాలు వచ్చి దుప్పి కళ్ళ మీద పడింది. గుబురంతా ఊగింది. కొడవలి తళుక్కుమంది. తరువాత నాకు కనిపించింది దుమ్మే.

దుప్పి తువ్వాలుతో సహా ఎగిరి, పడి, లేచింది. తువ్వాలు జారింది. వాలు మీద ఒకచోట తూలింది. కొండ అంచున ఆగి, తల దించి నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది. తరువాత అటువైపు దిగిపోయింది. బావ ముంజేతికి కొమ్ము గీరుకుని రక్తం కారుతుంటే లుంగీ చెంగుతో అదిమి పట్టుకుని వచ్చాడు.

ఆఫీసరూ డాక్టరూ వచ్చేసరికి కట్టు కట్టాను. ఆఫీసరు మొహం మాడిపోయింది.

"పోవద్దని చెప్పానా లేదా అండీ? చచ్చిపోతుందని మీకెవరు చెప్పారు?"

"నేనండి," అన్నాను. "నాలుక నల్లబడటం చూశాను."

"ఇక్కడి నుంచా?"

బైనాక్యులర్ ఇచ్చాను. ఆయన తుమ్మ మొద్దు దగ్గర నిలబడి గుబురు వైపు చూశాడు. తెగిన చీర ఇంకా మోడుకే వేలాడుతోంది. చాలాసేపు చూసి నాకు ఇచ్చేశాడు. గొంతు కొంచెం తగ్గింది.

"పోయేటప్పుడు ఎలా ఉందండి? బాగానే ఉందా?"

బావ నా వైపు చూశాడు. ఆ చూపులో ఏం అడుగుతున్నాడో తెలుసు.

"నాలుగు కాళ్ళ మీదే కొండెక్కింది. ఒకచోట తూలింది. అంచు దాటాక నేను చూడలేదండి."

ఆఫీసరు తలూపాడు. మనుషులను పెట్టి కొండ అవతల వెతికిస్తామన్నాడు. బతికి కనపడితే హెచ్చరికతో వదిలేస్తాం, చచ్చి కనపడితే నా చేతుల్లో ఏమీ లేదన్నాడు. చీరలు మాత్రం ఈ పూటే తీసేయాలన్నాడు.

వాళ్ళు వెళ్ళాక బావ ఒంటి చేత్తో ముడులు విప్పడం మొదలుపెట్టాడు. నేను రెండో వైపు నుంచి విప్పాను.

"బాగానే ఉందని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందిరా?"

"నాకు తెలిస్తే అననా బావా?"

"పేపరోడివి అనిపించుకున్నావ్," అన్నాడు. తరువాత పక్క గుంజ దగ్గరికి నడిచాడు.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్ చేశాడు. కొండ అవతల కుంట దగ్గర, మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిన మగ దుప్పి మందలో మేస్తోందట. ఫారెస్టువాళ్ళు ఫొటో తీసి ఆయనకు పంపారు. పందులు చేలో పడి వేరుశనగ సగం తవ్వి పోశాయని కూడా ఆ ఫోన్లోనే, ఆ గొంతుతోనే చెప్పాడు.