మూలలు చూసే ఇస్మాయిల్ సాబ్

మొన్న పాత పుస్తకాలకు అట్టలు కట్టించడానికి కామారెడ్డిలో ఒక బైండింగు దుకాణానికి వెళ్లాను. లోపల ఎవరో మైదాపిండి జిగురు ఉడికిస్తున్నారు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపినట్టున్నారు. కాస్త పులుపూ కాస్త ఇనుపవాసనా కలిసిన ఆవిరి ముఖానికి తగిలింది. దుకాణంవాడు ఎన్ని పుస్తకాలని రెండుసార్లు అడిగినా నాకు వినపడలేదు. ఆ వాసన నన్ను ముప్పై ఎనిమిదేళ్లు వెనక్కి తీసుకెళ్లి, స్టేషన్ రోడ్డులో ఇస్మాయిల్ సాబ్ ఫోటో ఫ్రేముల దుకాణం గడప ముందు నిలబెట్టింది. పటాల వెనక అట్టలు అతికించడానికి ఆయన వాడిందీ ఇదే జిగురు.

ఆయనను ఎరగని వాళ్ల కోసం చెబుతున్నాను. దేవుడి పటాలకూ పెళ్లి ఫోటోలకూ అద్దాలు బిగించడం ఆయన బతుకుదెరువు. పాత నాణేలు, తపాలా బిళ్లలు, బొమ్మల కార్డులు కొని అమ్మడం ఆయన ప్రాణం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వేళ్ల నిండా గాజు కోసిన గీతలు. ఏ కాగితాన్నైనా ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, తడి ఆరిందో లేదో ఎండలో పెట్టి చూసుకునేవాడు. మాట మాత్రం కటువు. బేరమాడేవాళ్లంటే గిట్టదు. "ధర చెప్పిన. నచ్చితే తీస్కో, లేకుంటే నీ దారి నువ్వు చూస్కో" అనేవాడు. ఆయన భార్య రబియా ఖాలా లోపలినుంచి, "ఈ మనిషి నోటితోని మా ఇంట్ల పొయ్యి వెల్గుడు కష్టం" అని అందరికీ వినపడేలా అనేది.

మాది ఎల్లారెడ్డి. మా తాత తహసీలు కచేరీలో జవానుగా పనిచేశాడు. బీడీ కూడా ముట్టని మనిషి, కానీ నిజాం కాలంలో అధికారులు తాగి పారేసిన సిగరెట్టు డబ్బాలన్నీ ఏరేవాడు. అప్పట్లో ఒక్కో డబ్బాలో అరచేతిలో సగం ఉండే రంగుల బొమ్మ కార్డు వచ్చేదట. పక్షులు, ఓడలు, జెండాలు, రకరకాల సిపాయిల వేషాలు. వెనక ఒక నంబరు. యాభై కార్డులు జమ అయితే ఒక సెట్టు. తన దగ్గర రెండున్న కార్డును ఇచ్చి లేనిది తెచ్చుకోవడానికి తాత మద్నూరు దాకా నడిచి వెళ్లాడని అవ్వ చెప్పేది. ఆయన చనిపోయే ముందు ఆ రేకు పెట్టె నా చేతికిచ్చి, "సుగుణా, దీన్ని ఆగం చెయ్యకు" అన్నాడు.

నాకు ఇరవై ఏళ్లు వచ్చిన సంవత్సరం మా బావి మీది మోటరు కాలిపోయింది. రెండుసార్లు తీగ చుట్టించినా నిలవలేదు. వరి పొట్ట మీద ఉంది. కొత్త మోటరుకు చేతిలో పైసల్లేవు. అన్న నర్సింలు పాత సామాన్ల బండివాణ్ణి ఇంటికి పిలుచుకొచ్చాడు. వాడు రేకు పెట్టె తెరిచి చూసి అరవై రూపాయలన్నాడు. అది కూడా పెట్టె బాగుందని.

"గీ బొమ్మలకు ఇంతకంటె ఎవడిస్తడు? ఇచ్చెయ్" అన్నాడు అన్న.

నేను ఇవ్వలేదు. వారం గడువు అడిగాను. బాపు నా ముఖం చూసి, "పోనీ, దాని తృప్తికి అడిగి రానీ" అన్నాడు. ఇలాంటివి కొనే సాబ్ ఒకాయన కామారెడ్డిలో ఉన్నాడని విని, మర్నాడు పొద్దున పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

ఇస్మాయిల్ సాబ్ పెట్టె మూత తీసి లోపలికి తొంగిచూశాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చాడు. కార్డులను ఒక్కొక్కటే పైకి తీసి భూతద్దం కింద పెట్టి, బొమ్మను చూడకుండా అంచులు చూడసాగాడు. నాకు విచిత్రంగా అనిపించింది. అంత అందమైన పాలపిట్ట, అంత పెద్ద తెరచాప ఓడ, ఈయనకు కనపడవా?

"బిడ్డా, బొమ్మ అందరి దగ్గర ఒక్కతీరే ఉంటది. ధర బొమ్మకు కాదు, మూలలకు" అన్నాడాయన.

ఆ రోజు ఆయన నాకు నేర్పింది నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. మూలలు పదునుగా ఉన్నవి ఒక కుప్ప, గుండ్రంగా అరిగినవి ఒక కుప్ప, వెనక జిగురు మరక ఉన్నవి ఇంకొకటి. కత్తెర పడినవి పక్కకు. జెండాల సెట్టు, ఓడల సెట్టు నిండుగా ఉన్నాయి. పక్షుల్లో ఒకటి తక్కువ. సిపాయిలు విడివిడిగా ముప్పై దాకా ఉన్నాయి. "సెట్టును తెంపి అమ్మొద్దు. మంచియి నాలుగు ఏరుకపోతరు, మిగిలినయి ఎవ్వడు ముట్టడు" అని చెప్పి, నాతోనే ఒక్కో కార్డుకు చీటీ రాయించాడు. నా అక్షరాలు ఆయనకు నచ్చాయి. పని ఆ రోజుతో తెమలలేదు. పక్షుల సెట్టు ఇంటికి తీసుకెళ్లి చీటీలు రాసుకు రమ్మన్నాడు.

ఇంట్లో కూర్చుని రాస్తుంటే పాలపిట్ట కార్డు నన్ను సతాయించింది. రెండు మూలలు అరిగి తెల్లగా కనపడుతున్నాయి. నీలం సిరాలో అగ్గిపుల్ల ముంచి ఆ తెలుపు మీద మెల్లగా అద్దాను. ఆరిన తర్వాత చూస్తే కొత్తదానిలా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు ఇస్మాయిల్ సాబ్ ఆ కార్డు దగ్గర ఆగాడు. వెలుతురుకు అడ్డంగా పట్టి వంచి చూశాడు.

"ఇది నువ్వు చేసినవా, మీ తాత చేసిండా?"

"తాతనే" అన్నాను.

ఆయన నా చేతిలోని కలం తీసుకుని, ఆ కార్డు చీటీ మీద, 'రెండు మూలలకు సొంతదారు రంగు పూసినాడు' అని తనే రాసి నా ముందు పెట్టాడు. "సొంతదారంటె మీ తాతే గద. కొనేటోడు గిదే సదువుకుంటడు" అన్నాడు.

ఒక్కో కార్డు కోసం మైళ్లు నడిచిన మనిషి మా తాత. ఒక్కదాన్ని కూడా పాడుచేయని మనిషి. ఆ చీటీ చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. నేనే చేశానని ఒప్పుకున్నాను. ఆయన ఆ చీటీ చింపేశాడు. కొత్త కాగితం ఇచ్చి, "ఇప్పుడు నువ్వే రాయి. ఎవరు చేసిండ్రని అక్కర్లేదు, ఏమైందో అది రాయి. చెప్పి అమ్మితే మచ్చ, చెప్పకుండ అమ్మితే మోసం" అన్నాడు. రబియా ఖాలా చాయ్ తెచ్చి నా పక్కన పెట్టి, భర్త మీద కళ్లెర్రజేసింది. "ఆడపిల్లను ఏడిపిస్తవా?" అని అడిగింది. ఆయన తలెత్తకుండా తర్వాతి కార్డు తీసుకున్నాడు.

కొనేవాడు హైదరాబాదునుంచి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్న ఒక వ్యాపారి. ఇస్మాయిల్ సాబ్ ముందుగా మరకలున్నవీ అరిగినవీ చూపించాడు. రంగు పూసిన పాలపిట్టను అన్నిటికంటే ముందు పెట్టాడు. వ్యాపారి నవ్వి, "ఏం సాబ్, అమ్ముతున్నారా, వద్దని చెబుతున్నారా?" అన్నాడు.

"కొన్నంక నువ్వు తిరిగి రావద్దని చెప్తున్న" అన్నాడాయన. తర్వాత ధర చెప్పి నోరు మూసుకున్నాడు. వ్యాపారి తగ్గించమని ఎన్ని రకాలుగా అడిగినా ఉలకలేదు, పలకలేదు. నేను భయంతో చీర కొంగు నలుపుతూ కూర్చున్నాను. ఈ మొండితనంతో ఉన్న బేరం కూడా పోతుందని నా గుబులు. చివరికి ఆ మనిషి సంచీలోంచి డబ్బు తీశాడు. ఆ డబ్బుతో మోటరు వచ్చింది, దానికి పైపులూ వచ్చాయి. పదో వంతు ఇస్మాయిల్ సాబ్ కూలి. వరి దక్కింది.

కథ అంతటితో అయిపోయి ఉంటే ఆయనను ఒక మంచి వ్యాపారిగా గుర్తుపెట్టుకునేదాన్ని.

మూడు నెలల తర్వాత, ముసురు పట్టిన ఒక పగలు, ఇస్మాయిల్ సాబ్ గొడుగు పట్టుకుని మా ఇల్లు అడుగుతూ వచ్చాడు. చెప్పులు బురదలో తెగిపోతే చేత పట్టుకున్నాడు. బాపు మంచం వాల్చాడు. ఆయన కూర్చోలేదు.

"నాతోని తప్పైంది, పటేలా. విడిగ అమ్మిన సిపాయిలల్ల ఒక కార్డు ఉండె. ఎర్రకోటు ఉండాల్సిన కాడ పచ్చకోటు అచ్చు అయింది. నేను రంగు వెలిసిందనుకొని రెండు రూపాయలకు కలిపిచ్చిన. గసుంటియి శానా తక్కువ ఉన్నయంట. మొన్న ఒకాయన చెప్తే తెలిసింది. మీ మోటరుకు పెట్టిన పైసలల్ల సగం ఆ ఒక్కదానికే వస్తుండె."

నర్సింలు అన్న ముందుకు వచ్చాడు. "మాకు తెల్వదనే గట్ల చేసినవా?"

"మీకు తెల్వకపోవుడు కాదు, బాబూ. తెల్వంది నాకు. అదే చెప్ప వచ్చిన" అన్నాడాయన. ముందు హైదరాబాదు వెళ్లి ఆ వ్యాపారిని అడిగాడట. అమ్మింది అమ్మినట్టేనని అతను తలుపు వేసుకున్నాడట. ఇస్మాయిల్ సాబ్ జేబులోంచి ఒక కాగితపు పొట్లం తీసి మంచం మీద పెట్టాడు. మా దగ్గర తీసుకున్న కూలి మొత్తం అందులో ఉంది. "ధర తప్పు చెప్పినోనికి కూలి ముట్టొద్దు" అన్నాడు.

ఆయన వచ్చి చెప్పకపోతే మాకు ఈ జన్మకు తెలిసేది కాదు. అది ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. అన్న కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. బాపు ఆ పొట్లం తీసుకుని బట్టల పెట్టెలో పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అంత దూరం వానలో వచ్చిన మనిషి దగ్గర ఎలా తీసుకున్నాడా అనిపించింది. బాపు ఆయన భుజం మీద చెయ్యేసి, "రా సాబ్, రొట్టె తిను. తిన్నంక మన మోటరు చూద్దువు" అన్నాడు. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తిని ఇద్దరూ పొలానికి వెళ్లారు. వానలోనే మోటరు వేసి చూపించాడట బాపు. ఇస్మాయిల్ సాబ్ పైపు దగ్గర దోసిలి పట్టి ముఖం కడుక్కుని, "జోరుగ పోస్తుంది" అని మాత్రం అన్నాడట.

ఆయన్ను బస్సెక్కించి వచ్చాక బాపును అడిగాను, ఎందుకు తీసుకున్నావని. "తీస్కోకపోతే ఆయన మళ్ల వస్తడు బిడ్డా. ఎన్నిసార్లు రానియ్యాలె పాపం?" అన్నాడు బాపు.

ఆ తర్వాత చీటీలు రాయడానికి రమ్మని ఇస్మాయిల్ సాబ్ కబురు పెట్టాడు. పెళ్లికాని పిల్ల రోజూ కామారెడ్డి వెళ్లి దుకాణంలో కూర్చోవడమేమిటని ఊళ్లో అన్నారు. బాపు ఎవరికీ జవాబు చెప్పలేదు, బస్సు చార్జీ మాత్రం ఆపలేదు. మూడేళ్లు పనిచేశాను. అద్దం కోయడం నేర్చుకున్నాను. బేరం చెడగొట్టడం కూడా నేర్చుకున్నానని ఖాలా ఎగతాళి చేసేది. పెళ్లయ్యాక బాన్సువాడలో బట్టల దుకాణం పెట్టుకున్నాను.

తొంభైల నడుమ ఆయన కళ్లకు పొర వచ్చింది. దుబాయిలో ఉన్న కొడుకు ఇక దుకాణం చాలించమన్నాడు. ఆయన నాకు మనిషిని పంపించాడు. వెళితే, తన సొంత పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా అమ్మకుండా దాచుకున్న కార్డులు. "నువ్వు ధర కట్టు" అన్నాడు.

"నేనా చాచా? నీ కంటె నాకెక్కువ తెలుసా?"

"నా సామానుకు నేను కడితే అబద్ధమైతది. ఒక్కోదాని ఎన్కాల ఒక్కో కత ఉన్నది నాకు. కొనేటోడు కతకు పైస ఇయ్యడు."

రెండు రోజులు పట్టింది. ఒక గుర్రపురౌతు కార్డు దగ్గర నా చెయ్యి ఆగింది. అది ఆయన పెళ్లినాడు మామగారు ఇచ్చిందని ఖాలా ఎప్పుడో చెప్పింది. పైన బాగానే ఉంది, కానీ ఒక మూల మడత పడి సరిచేసినట్టు సన్నని గీత. ఆ గీత ఆయన కళ్లకు ఇక కనపడదు. ఎక్కువ చెబుదామని నోటిదాకా వచ్చింది. "మూలకు మడత ఉన్నది చాచా. రెండో కుప్పల పెడుతున్న" అన్నాను. ఆయన చెయ్యి చాచి ఆ మూలను బొటనవేలితో తడిమాడు. చాలాసేపు తడుముతూనే ఉన్నాడు. "ఔ, ఉన్నది" అన్నాడు. తర్వాత లోపలికి, "రబియా, సుగుణకు చాయ్ తే. మనసు పెట్టి పని చేస్తుంది" అని కేకేశాడు. ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

ఆ తర్వాత రెండేళ్లకు ఆయన పోయాడు. నేను మయ్యిత్తుకు, కడసారి చూపుకు అందుకోలేకపోయాను. ఖాలా దగ్గర కూర్చుని వచ్చాను.

పోయిన ఏడాది నా దుకాణంలో ఒక పొరపాటు జరిగింది. బీర్కూరునుంచి వచ్చిన ఒక ముసలమ్మ మనవరాలి కోసం పట్టుచీర కొనుక్కుపోయింది. నేనే చూపించాను, నేనే పట్టు అని చెప్పాను. వారం తర్వాత అదే మూటలోని ఇంకో చీర విప్పి చూస్తే సగం నైలాను దారం. పంపినవాడు నన్ను మోసగించాడు, నేను ఆమెను మోసగించాను. ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. డబ్బు చేత పట్టుకుని బీర్కూరు బస్సెక్కాను. ఆ ఇల్లు కనుక్కుని ముందు నిలబడ్డాను. వాకిట్లో పిల్లలు ఆడుకుంటున్నారు, లోపల ఎవరో నవ్వుతున్నారు. అంత సంతోషంలోకి నా తప్పు తీసుకుని వెళ్లాలి. మా ఇంట్లో మంచం వాల్చినా ఇస్మాయిల్ సాబ్ ఎందుకు కూర్చోలేదో అక్కడ నిలబడ్డప్పుడు తెలిసింది. కూర్చుంటే ఆ మాట నోట రాదు.

నేను కూడా కూర్చోలేదు. నిలబడే చెప్పాను.