లేత రంగు చుక్క

మా బాబాయి మోటార్లకు వైండింగ్ చేసేవాడు. రాగి తీగ చుట్టీ చుట్టీ వేళ్ళు కాయలు కాచిపోయాయి. మిగిలిన ప్రాణమంతా హామ్ రేడియో మీదే, సొంత రేడియోతో ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడే సరదా అది. డాబా మీద ఆయన నిలబెట్టిన యాంటెన్నా చూసి, "బట్టలారేసుకోవడానికి బాగానే పనికొస్తుందిరా" అని నాన్న ఏడిపించేవాడు. బాబాయి ఆ మాట చెవిన పెట్టేవాడు కాదు.

ఆయన షాపులో ఒక పాత కంప్యూటర్ ఉండేది. తెర మీద మ్యాపు, మ్యాపు మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో రేడియో స్టేషను. తానెక్కడుందో రెండు నిమిషాలకోసారి తనే చెబుతుంది. నాన్న కొండదారిలో పార్సిల్ వ్యాన్ నడిపేవాడు. సెల్‌ఫోన్ అందని దారి అది. బాబాయి పట్టుబట్టి నాన్న చేత హామ్ లైసెన్సు పరీక్ష రాయించి, వ్యాన్‌లో రేడియో బిగించాడు. "అన్నయ్య ఎక్కడున్నాడో ఇక నన్నడుగు వదినా" అన్నాడు అమ్మతో.

కొండల్లో సిగ్నల్ తరచూ పోతుంది. అప్పుడు చివరి వేగాన్ని బట్టి చుక్కను తనంతట తానే ముందుకు జరిపే ఏర్పాటు ఆ ప్రోగ్రాములో ఉంది. అలా జరిపిన చుక్క లేత రంగులో కనిపిస్తుంది. అది ఉత్త అంచనా. ఆ తేడా బాబాయికి కొట్టిన పిండి. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. ఒంటిగంటకి అమ్మ ఫోన్ చేసింది. బాబాయి చేతిలో సగం చుట్టిన మోటారుంది. తలెత్తి తెర వైపు ఒక్క చూపు చూశాడు.

"అన్నయ్య వంతెన దాటేశాడు వదినా. మూడింటికల్లా ఇంట్లో ఉంటాడు."

ఆయన చూసింది లేత చుక్కని. వ్యాన్ వంతెన దాకా రానేలేదు. అంతకు ముందే లోయలోకి జారిపోయింది.

మళ్ళీ తలెత్తేసరికి మూడున్నర. చుక్క మా వీధి దాటి, ఊరు దాటి, దారే లేని పొలాల్లో పడి పోతోంది. అది లేత చుక్కని అప్పుడు గమనించాడు. చివరిసారి నిజంగా వినిపించిన చోటేదో వెతికి పట్టుకుని, సహాయక సిబ్బందిని అక్కడికి పంపాడు. అరగంటలో నాన్న దొరికాడు. అప్పటికే ప్రాణం పోయింది. గంట ముందు తెచ్చుంటే బతికేవాడన్నారు డాక్టరు.

అందరూ వాననే తిట్టారు. బాబాయి నోరు విప్పకపోతే అసలు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. రెండు వారాలు పోయాక ఆయన వచ్చి అమ్మ ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు నేను చెప్పింది అంచనా వదినా. సరిగ్గా చూసుంటే రెండున్నర గంటల ముందే మనుషుల్ని పంపేవాణ్ణి. నా వల్లే పోయాడు."

లేచి పొమ్మని అరుద్దామనుకున్నాను. ఆయన దాచకుండా చెప్పడం కూడా నాకు కోపమే తెప్పించింది. ఇక ఆ మనిషిని చచ్చినా క్షమించకూడదనుకున్నాను. అమ్మ మాత్రం తలుపు వైపు చూసింది.

"నువ్వు చెప్పావని నేను కాస్త నడుం వాల్చాను" అంది. "ఎన్నాళ్ళకో ఒళ్ళెరగని నిద్ర పట్టింది. ఆయన అక్కడ అలా ఉన్నంతసేపూ నేను నిద్రపోయాను. అది నేనెవరితో చెప్పుకోను?"