గోరు చుట్టూ తిరిగేలోపు

మా అమ్మమ్మ నెరేయిదా కుడిచేతి బొటనవేలి గోరు మిగతా తొమ్మిదింటి కంటే పొడుగు. చిన్నప్పుడు ఆ గోరంటే నాకు చచ్చేంత భయం. బడి ఎగ్గొట్టిన రోజున దాన్ని నా చెవి తమ్మె మీద పెట్టి మెల్లగా నొక్కేది. నేను చాలాసార్లే ఎగ్గొట్టాను కాబట్టి చెవి మీద ఇంకా మచ్చ ఉంది, చదువు మాత్రం లేదు. మా ఇంటికి తిండి పెట్టింది ఆ గోరేనని తరవాత తెలిసింది.

మా ఊరు పినార్ దెల్ రియోలో ఒక చుట్టల ఫ్యాక్టరీ. పదమూడో ఏట అమ్మమ్మ అక్కడ పొగాకు ఈనెలు తీసే పనిలో చేరింది. తరవాత పాతికేళ్ళు చుట్టలు చుట్టింది. వేళ్ళు బిగుసుకుపోయాక రుచి చూసేవాళ్ళ పరీక్ష రాసి, ఆ గదిలో కుర్చీ సంపాదించింది. ఆ బల్ల దగ్గర కూచున్న మొదటి ఆడది ఆమే. మొదటి రోజున మగవాళ్ళు ఆమె దగ్గుతుందేమోనని కాచుకుని కూచున్నారట. సాయంత్రానికి దగ్గింది వాళ్ళేనని ఆమె చెప్పేది. సగం నమ్మవచ్చు.

రుచి చూసే పని వినడానికి దర్జాగా ఉంటుంది కానీ చూడటానికి ఏమీ ఉండదు. పొద్దున్నే అయిదుగురు బల్ల చుట్టూ చేరతారు. ముందురోజు ముగ్గురు చుట్టిన కట్టల్లోంచి ఒక్కోటి చొప్పున తలా మూడు చుట్టలు వస్తాయి. చుట్టినవాళ్ళ పేరుండదు, అంకె ఉంటుంది. ఒక్కోదాన్ని మూడో వంతు దాకా కాల్చి, చక్కెర లేని టీతో నోరు కడుక్కుని, పొగ ఎంత తేలిగ్గా లోపలికి వస్తుందో ఆ దమ్ముకీ, వాసనకీ, ఘాటుకీ మార్కులు వేస్తారు.

కాల్చేముందు చుట్ట తల తెరవాలి కదా, అక్కడే మనుషులు బయటపడతారు. ఎవెలియో అని అమ్మమ్మతో ముప్పై ఏళ్ళ స్నేహం ఉన్న ముసలాయన పళ్ళతో కొరికి ఉమ్మేవాడు. ఎలుక కొరికిన జున్నులా ఉండేది ఆ చుట్ట. ఇంకొకాయన జేబు కత్తెర వాడేవాడు. అమ్మమ్మ మాత్రం చుట్ట తలని పెదాల మధ్య పెట్టి ఒకసారి తడిపేది. తలమీద అతికించిన చిన్న ఆకుముక్కని మేం టోపీ అంటాం. దాని అంచున గోరు దించి, గోరుని కదపకుండా చుట్టనే మెల్లగా తిప్పేది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి చొక్కా గుండీ అంత టోపీ మూతలా లేచి వచ్చేది. అంచు దాటి కిందికి తెగితే పైఆకు ఊడిపోతుంది. ఆమె చేతిలో ఏనాడూ ఊడలేదు.

"గోరు దిగేటప్పుడు చిటపటమంటే ఆకు ఎండిపోయిందే. చప్పుడు లేకుండా దిగబడితే చెమ్మ. ఒక పక్క మొరాయించిందనుకో, లోపల ఆకు మెలిపడిందన్నమాట. ఆ పక్క దమ్ము రాదు, సరిగ్గా కాలదు. అగ్గిపుల్ల గీయకముందే సగం సంగతి గోరే చెప్పేస్తుంది," అనేది.

"మిగతా సగం?"

"మిగతా సగం ముక్కు చెబుతుంది."

ఆ ముక్కే పోయింది.

ఆ ఏడు మే నెలలో, వాన వెలిసిన పొద్దున, పెరటి మెట్టు మీద జారి వెనక్కి పడింది. తల వెనక మూడు కుట్లు వేసి పంపారు. వారం తిరక్కుండా పనిలోకి పోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. తరవాత ఒకరోజు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే ఆమె పొయ్యి పక్కనే కూచుని రేడియో వింటోంది. "ముసలిదానివైపోయావే," అని వెక్కిరించాను. చీపురు విసిరింది. ఇంకోరోజు కాఫీ మాడింది. ఈసారి నేను వెక్కిరించలేదు.

కోతి బుద్ధి కదా, పరీక్ష పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఆమె కునుకు తీసేముందు కిరసనాయిల్లో ముంచిన గుడ్డ దిండు కింద దోపాను. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకే తల తిరుగుతోంది. ఆమె హాయిగా గురక పెట్టింది. నవ్వుదామని నిలబడినదాన్ని, ఆమె లేచేదాకా గుమ్మంలోనే కూచున్నాను.

లేచాక అడిగాను. "అమ్మమ్మా, నీ దిండు కింద ఏముందో చెప్పు."

"నీ తలకాయ."

"తీసి చూడు."

గుడ్డ తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది, ఈసారి చాలాసేపు. తరవాత దాన్ని నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో ఉంచుకుంది.

"ఎవరికీ చెప్పకు."

"మరి ఫ్యాక్టరీలో వాసనకి మార్కులెలా వేస్తున్నావు?"

"ఎవెలియో ఎడమ కనుబొమ్మని బట్టి."

"ఏంటీ?"

"వాసన నచ్చితే వాడి ఎడమ కనుబొమ్మ లేస్తుంది. ముప్పై ఏళ్ళుగా లేస్తోంది. ఆ గాడిదకే తెలీదు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "ఆ కుర్చీ పోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యను? నీ మొహం చూస్తూ కూచోనా?" అంది. ఆ గుడ్డని ఇంకో మడత పెట్టింది. అమ్మమ్మ భయపడటం నేను చూడటం అదే మొదలు. చెప్పనని ఒట్టేశాను.

ఒట్టు వేయడం తేలిక. దాన్ని మోస్తూ సెప్టెంబరు దాకా వచ్చాను. నేనూ అదే ఫ్యాక్టరీలో ఈనెలు తీస్తాను. ఒకరోజు అమ్మమ్మ ముందే ఇంటికి పోయింది, నేను అయిదింటికి చేరాను. తలుపు తియ్యగానే గ్యాసు వాసన మొహానికి కొట్టింది. సిలిండరు గొట్టం బీటలు వారి బుసకొడుతోంది. రేడియో మోతలో అది ఆమెకి వినబడలేదు. వంటగదిలో బల్ల దగ్గర కూచుంది అమ్మమ్మ. ఒళ్ళో అగ్గిపెట్టె. చేతిలో చుట్ట. గోరు టోపీ అంచున దిగి ఉంది.

దూకి అగ్గిపెట్టె లాక్కుని పెరట్లోకి విసిరాను.

"ఏంటే కోతీ, ఏంటీ వేషాలు!"

సిలిండరు కట్టేశాను. కిటికీ బార్లా తెరిచాను. అప్పటికి నా మొహం చూసి ఆమెకి అర్థమైంది. చేతిలోని చుట్టనే చూస్తూ ఉండిపోయింది. నేనూ చూశాను. గోరు సగం చుట్టు తిరిగి ఆగింది. ఇంకో సగం చుట్టు తిరిగి ఉంటే ఆమె చేయి అగ్గిపెట్టె మీదికి పోయేది.

ఆ రోజు నుంచి ఇంట్లో నేను లేకుండా పుల్ల గీయనని ఆమె ఒట్టేసింది. కొత్త గొట్టం దొరకలేదు, పాతదానికే రబ్బరు చుట్టాం. ఆమె ముందే ఇంటికి పోయిన రోజుల్లో, పనిలో ఉన్నా నా చెవులు మా వీధి వైపే ఉండేవి. ఎక్కడ లారీ టైరు పేలినా ఆకు చేతిలోంచి జారిపోయేది.

అక్టోబరులో ఒస్మానీ వచ్చాడు. నాణ్యత చూసే కొత్త ఇంజనీరు, ముప్పై కూడా లేవు. చెడ్డవాడు కాదు. ఒక శుక్రవారం రుచి గదిలో అయిదు కొత్త కోత సాధనాలు పెట్టాడు. వేళ్ళు దూర్చడానికి రెండు రింగులు, మధ్యలో ఎదురెదురుగా రెండు రెక్కల కత్తి. నొక్కితే టక్కున చుట్ట తల ఎగిరిపోతుంది.

"ఇకమీదట పళ్ళూ గోళ్ళూ వద్దండి. కోత తేడా వస్తే దమ్ము తేడా వస్తుంది. అందరిదీ ఒకేలా ఉండాలి. ఇంటికి పట్టుకెళ్ళి అలవాటు చేసుకోండి, సోమవారం నుంచి దీంతోనే," అన్నాడు.

"నా పళ్ళేం పాపం చేశాయయ్యా?" అన్నాడు ఎవెలియో.

"మిగిలిన నాలుగింటినీ కాపాడుతున్నాను."

అందరూ నవ్వారట. అమ్మమ్మ ఇంటికొచ్చి ఆ కత్తిని బల్లమీద పెట్టింది. ఆమెకి కనబడింది ఒక్కటే: కత్తి ఏమీ చెప్పదు. ముక్కు పోయింది, ఇప్పుడు గోరూ పోతోంది. నాకు కనబడింది వేరే. ఆ కత్తికి ఒక్క క్షణం చాలు. టక్. తరవాత అగ్గిపుల్లే.

శనివారమంతా టక్ టక్ మని సాధన. ఆదివారం నేను రొట్టె కోసం వరసలో నిలబడి గంట తరవాత తిరిగొచ్చేసరికి బల్లమీద తెగిన టోపీలు, వాటి పక్కన సగం కాలిన చుట్ట.

"వెలిగించావా?"

"బతికే ఉన్నానుగా."

"ఒట్టేశావు!"

"పొరపాటున చేసేశానే. చెయ్యి ఆగలేదు. అది తెగడం ఇంత తొందరగా అయిపోతుందని నాకేం తెలుసు!"

అప్పుడు చెప్పాను, ఏడుస్తూనే. "రేపు నువ్వు చెబుతావా, నేను చెప్పనా? ఆ గదిలో తెలిస్తేనే ఇక్కడ కూడా జాగ్రత్తగా ఉంటావు. దాస్తున్నన్నాళ్ళూ నువ్వు మామూలు మనిషిననే అనుకుంటావు."

"నోరు తెరిచావా, నువ్వు నా మనవరాలివే కాదు," అంది. ఆ పూట ఇద్దరం అన్నమూ చిక్కుళ్ళూ చల్లారబెట్టుకుని కూచున్నాం.

రుచి గదికీ మా హాలుకీ మధ్య ఒక కిటికీ ఉంది. పై అద్దం పగిలి రెండేళ్ళయింది కాబట్టి మాకు అన్నీ కనబడటమే కాదు, వినబడతాయి కూడా. సోమవారం ఆకుల కట్ట పట్టుకుని ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. అమ్మమ్మ మొదటి చుట్టని కత్తిలో పెట్టి నొక్కింది. అంచు దాటి తెగింది. పైఆకు అరటితొక్కలా ఊడి వేలాడింది. ఆమె ఆ కుర్చీలో కూచున్న ఇరవై రెండేళ్ళలో అలా జరగలేదు.

రెండో చుట్ట తీసుకుంది. అంకె ఏదైనా, టోపీ చూస్తే చుట్టిన చెయ్యి ఆమెకి తెలిసిపోతుంది. అది దమారిస్ అనే అమ్మాయిది. దమారిస్‌కి అప్పటికే రెండుసార్లు తక్కువ మార్కులు పడ్డాయి. మూడోసారి పడితే పెద్ద చుట్టలనుంచి తీసేసి కూలి తక్కువుండే చిన్నవాటికి పంపుతారు. అమ్మమ్మ ఈసారి జాగ్రత్తగా కోసింది, వెలిగించింది, పీల్చింది. తలెత్తి ఎవెలియో వైపు చూసింది. మధ్యలో ఒస్మానీ నిలబడి ఉన్నాడు. కనుబొమ్మ కనబడలేదు.

"వాసనకి ఎంతండీ?" అన్నాడు ఒస్మానీ.

ఆమె మెడ అటు వంచింది, ఇటు వంచింది. ఏదో ఒక అంకె చెప్పేస్తుందనుకున్నాను. ఆమె చుట్టని పళ్ళెంలో పెట్టి, కత్తిని దాని పక్కన పెట్టింది.

"తెలీదు బాబూ. ఐదు నెలలుగా నాకు వాసనే తెలీదు."

ఎవెలియో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "మరి ఇన్నాళ్ళూ?"

"నీ మొహం చదివాను."

"నా మొహమా?"

"చదవడానికి అందులో పెద్దగా ఏముంది, ఒక్క కనుబొమ్మ."

ఎవరూ నవ్వలేదు. ఒస్మానీ మొహం తెల్లబోయింది. ఐదు నెలల కాగితాల మీద ఆమె సంతకం ఉంది మరి. "నేను పైకి రాయాలమ్మా," అన్నాడు చాలా మెల్లగా.

"రాయి బాబూ. అక్షరాలు గుండ్రంగా రాయి," అంది అమ్మమ్మ. లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచింది.

ఆ వారంలోనే కుర్చీ పోయింది. దమారిస్ చుట్టకి మిగతా నలుగురూ తక్కువే వేశారు. ఆ పిల్ల మా ఇంటికొచ్చి మరీ తిట్టింది. "ఇంకొక్క రోజు ఆగి చెబితే నీ సొమ్మేం పోయేది అత్తా? బాగుందని నాలుగు మార్కులు పడేసి అప్పుడు చెప్పొచ్చుగా!" అమ్మమ్మ ఆమెకి కాఫీ పోసి పంపింది. కాఫీ నేనే కాచాను.

రెండు నెలలు ఆమె వాకిట్లో కూచుని దారి చూసింది. అలా కూచుంటే ఆమె పోతుందేమోనని నాకు భయం వేసేది. మాట్లాడించడానికి కావాలని వంకర మాటలనేదాన్ని. చెవి మీద నొక్కే ఓపిక కూడా ఆమెకి ఉండేది కాదు.

తరవాత ఒస్మానీయే వచ్చాడు. ఫ్యాక్టరీలో దమ్ము కొలిచే యంత్రం ఒకటుంది. కరెంటు ఉంటేనే నడుస్తుంది. మా ఊళ్ళో కరెంటు సంగతి చెప్పనక్కరలేదు.

"అమ్మా, కరెంటు మళ్ళీ పోయింది. ఆ గోరు ఇంకా ఉందా?"

"కోసి నీకు ఇవ్వలేదుగా."

ఇప్పుడు కరెంటు పోయిన రోజుల్లో ఆమె యంత్రం పక్కన స్టూలు వేసుకుని కూచుని, గోరుతోనే దమ్ము చూసి చెబుతుంది. అంటే వారంలో నాలుగు రోజులు. కుర్చీ కాదు, స్టూలే. ఆ సంగతి ఆమె రోజూ గుర్తు చేస్తుంది.

సాయంత్రం ఇంట్లో చుట్ట తీస్తుంది. ఆ రెండు రెక్కల కత్తితో నేను వెల్లుల్లి తరుగుతుంటాను. ఆమె పెదాలతో తడిపి, గోరు దించి, చుట్టని తిప్పుతుంది. అగ్గిపెట్టె నా జేబులో ఉంటుంది. గోరు పూర్తి చుట్టు తిరిగేలోపు నేను వంటగది, పెరడు, సిలిండరు దగ్గర అంతా ముక్కు పెట్టి చూసి రావాలి.

"ఏమే, గాలి ఎలా ఉంది?"

ఒకప్పుడైతే ఏడిపించడానికి జవాబు ఆలస్యం చేసేదాన్ని. ఇప్పుడు చెయ్యను. మరోసారి గట్టిగా పీల్చి చూసి, అప్పుడు అగ్గిపెట్టె ఇస్తాను.