వీధివైపు బల్ల

తడిపి పిండిన బొరుగులు తాలింపులో పడగానే ఒక వాసన లేస్తుంది. ఉల్లిపాయ, పసుపు, పైన చల్లిన పుట్నాలపొడి అన్నీ కలిసి ముక్కుకు తగులుతాయి. నిన్న బళ్ళారిలో ఆటో దిగి బ్రూస్‌పేట సందులో నడుస్తుంటే ఆ ఉగ్గాని వాసనకు కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. గౌరక్క గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

గౌరక్క మా పక్కింటావిడ. మావాళ్ళు కోస్తా నుంచి వచ్చి బళ్ళారి జిల్లా కెంచనగుడ్డ దగ్గర కాలవ కింద వరి వేసుకున్నవాళ్ళు. ఆమెది తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబం. నాకు ఉద్యోగం వచ్చేనాటికి ఆమె భర్త పోయి ఏడాది. మనిషి పొట్టి, మాట గట్టి. మా ఇళ్ళలో ఆడవాళ్ళు హోటల్లో కూర్చునేవారు కాదు. తినాలనిపిస్తే మగవాళ్ళు పొట్లం కట్టించి తెచ్చేవారు. తప్పనిసరైతే భర్తతో కలిసి పరదా వేసిన గదిలోకి వెళ్ళాలి. నేను కలబురగిలో ఇంటర్వ్యూకు వెళ్ళి, హోటల్ గడప తొక్కలేక, పొద్దంతా పస్తుండి, ఇంటికొచ్చి వాకిట్లో కళ్ళు తిరిగి పడ్డాను. ఆకలి రుచి ఎరగదంటారు గానీ, నా ఆకలికి సిగ్గు బాగా తెలుసు. ఉద్యోగమైతే వచ్చింది. నాన్న మాత్రం, "ఇంత కూడు అడిగి తినలేని పిల్ల ఊరుగాని ఊళ్ళో ఒక్కతే ఎట్టా బతుకుద్ది? వద్దులే" అని తేల్చేశారు. ఆయన అన్నది నిజమే కాబట్టి గోడ పక్కకెళ్ళి కూర్చుని ఏడ్చాను.

గోడ అవతలి నుంచి గౌరక్క విన్నది. "బళ్ళారిలో మా చెల్లెలింటికి పోతాండా. పిల్లను రెండు దినాలు నాతో పంపప్పా. తినేది నేర్పిస్తా. తిరిగొచ్చినాక నీ ఇష్టం" అంది. నాన్న కాదనలేకపోయారు.

మొదటి హోటల్ నిన్న నేను ఆగిన ఈ సందులోదే. రేకుల కప్పు, నాలుగు బల్లలు. నేను పరదా గదివైపు నడిచాను.

"ఆడేం ఉండాది పాపా, దోమలు తప్ప? ఈడ కూకో, రోడ్డు కనపడతాది."

వీధివైపు బల్ల దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. తల ఎత్తితే ఒట్టు. అవగానే ప్లేటు తీసుకెళ్ళి కుళాయి కింద కడగడం మొదలుపెట్టాను. తిన్న కంచం వదిలి లేవడం మా ఇంట్లో మగవాళ్ళకే చెల్లేది మరి. హోటలాయన నోరు తెరుచుకుని చూశాడు. గౌరక్క కడుపు పట్టుకుని నవ్వి ప్లేటు లాక్కుంది.

"నువ్వు ఈడికి తినేకి వచ్చిండావు, తోమేకి కాదు. వదిలేసి లేయల్ల. అదీ నేర్చుకోవల్ల."

ఆ సాయంత్రం కప్పగల్లు దారిలో టీ తాగాం, తర్వాత ఒక చిన్న ఖానావళిలో జొన్నరొట్టెలు. ప్రతిచోటా నాతోనే అడిగించేది. గొణిగితే "ఇంగోసారి" అనేది. చివరికి "ఇంకో రొట్టె, కూర కొంచెం ఎక్కువ వెయ్యండి" అని నా అంతట నేనే అడిగేసరికి, పెళ్ళి కుదిరినంత సంబరపడింది.

రెండోరోజు మళ్ళీ ఉగ్గాని హోటల్. "నువ్వు ముందు పో. నేనెవరో నీకు తెలీదనుకో" అంది. వెళ్ళాను. అడిగాను. తింటున్నాను. కాసేపటికి ఆమె వచ్చి పక్క బల్ల దగ్గర విడిగా కూర్చుంది. ఓరకంట చూస్తే, బజ్జీ తుంచే చెయ్యి వణుకుతోంది. నిన్నంతా నన్ను గదమాయించిన మనిషేనా అనిపించింది.

బయటికొచ్చాక "ఏమైందక్కా?" అన్నాను.

"ఆయనుండగా ఈడికే పిల్చుకొస్తాండె. పోయినాక ఒక్కదాన్నే వచ్చేకి ధైర్యం చాల్లేదు పాపా. ఎన్నోసార్లు గడప దాకా వచ్చి తిరిగి పోయినా. నీకు నేర్పిస్తా అని మీ నాయనతో అనేసినాక, ఇంగ యాడికి తప్పించుకునేది?"

ఇద్దరం సందు చివరిదాకా చేతులు పట్టుకునే నడిచాం. ఇంటికొచ్చాక నాన్నతో, "పిల్ల నాకంటే మేలప్పా, చెయ్యి వణకలేదు" అంది. నాన్నే నన్ను కలబురగి బస్సెక్కించారు.

ఇప్పుడు గౌరక్క లేదు. ఏ ఊళ్ళో ఒంటరిగా తిన్నా, పక్క బల్లవైపు ఓసారి చూడటం నాకు అలవాటైంది. ఎవరైనా తల వంచుకుని గబగబా తింటుంటే, "ఇక్కడ ఏం బాగుంటుందండీ?" అని మాట కలుపుతాను. నిన్న ఆ ఉగ్గాని హోటల్లో పక్క బల్ల ఖాళీగా ఉంది. పరదా గదిలో గ్యాసుబండలు పెట్టుకున్నారు. నేను వీధివైపు కూర్చుని, తీరిగ్గా తిని, ఆమె చెప్పినట్టే ప్లేటు అక్కడే వదిలి లేచాను.