నెత్తళ్ళు తుంచిన మేడమ్

మా కాలేజీ కౌన్సిలర్ మేడమ్ సోమవారం పొద్దున్న పోయారు. అదే కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను నేను. కబురు విని, సర్దుతున్న పుస్తకాల మధ్యే కూలబడ్డాను.

మాది డాలీగంజ్, ఈ దీవికి వలసొచ్చిన తెలుగు జాలర్ల పేట. అమ్మ చేపలమ్మేది. డిగ్రీ మొదటి ఏడాది నేను క్లాసులోకి వస్తే ముక్కులు మూసుకునేవారు, మహానుభావులు! రెండుసార్లు స్నానం చేసి పౌడరు పూసుకున్నా అంతే. తిండి మానేశాను, మాట మానేశాను.

మేడమ్ తెలుగావిడే అయినా కాలేజీలో అందరితో హిందీయే. నన్ను తన గదికి పిలిపించి, ఎదురుగా కుర్చీలో కూర్చుని, కళ్ళలోకి చూస్తూ "మనసులో ఏముంది బేటా?" అని అడిగారు. మా ఇళ్ళలో అలా చూశారంటే తిట్టబోతున్నారనే. నేను నోరు విప్పలేదు. ఆవిడ మంచికే అనుకుని, నా మనసు బాగోలేదని ఇంటికి ఉత్తరం పంపారు. అమ్మకు చదువు రాదు. పక్కింటివాళ్ళతో చదివించుకుంది. సాయంత్రానికల్లా నాకు పిచ్చని వీధంతా తెలిసిపోయింది. అమ్మ కాలేజీ మాన్పించేసింది.

మూడోరోజు మేడమ్ మా గుమ్మంలో ఉన్నారు. అమ్మ ఎండు నెత్తళ్ళ చేపల తలలు తుంచుతోంది.

"తప్పు నాదేనమ్మా," అన్నారు మేడమ్.

"రాసేసినోళ్ళకేటి మేడమ్? గల్లీలో తలెత్తుకోలేకపోతన్నాం."

మేడమ్ చాప మీద చతికిలబడి తనూ తుంచడం మొదలుపెట్టారు. వేలికి ముల్లు గుచ్చుకున్నా ఆపలేదు. చాలాసేపటికి, నావైపు చూడకుండానే, "ఏటమ్మా బాధ?" అన్నారు.

"నా పక్కన ఎవులూ కూకోరు మేడమ్. సచ్చిపోవాలనుంది," అన్నాను, నేనూ తలెత్తకుండా.

అమ్మ చేతులు ఆగిపోయాయి.

మర్నాడు ఆసుపత్రికి నాతో వచ్చి లైనులో నిలబడింది మేడమే. అమ్మ నన్ను మళ్ళీ కాలేజీకి పంపింది. ఆ తర్వాత మేడమ్ గదిలో కుర్చీలు గోడవారకు పోయాయి, నేల మీద పేపరు, నెత్తళ్ళు వచ్చాయి. వాసనని ఎవరైనా సణిగితే, "ముక్కు మూసుకునేవాళ్ళు మూసుకోండి, ఈ పిల్లలు నోరు తెరిస్తే చాలు నాకు," అనేవారు. నేను ఈ రోజు బతికున్నానంటే ఆవిడ వల్లే.

ఇప్పుడా గదికి తాళం. నిన్న ఒక ఫస్టియర్ అమ్మాయి ఆ తలుపు ముందు నిలబడి ఉంది, చేతిలో నెత్తళ్ళ పొట్లం.

"మేడమ్ రారా దీదీ?"

నేను కౌన్సిలర్‌ని కాదు. ఆనాడు నేనన్న మాటే ఈ పిల్ల అంటే ఏం చెయ్యాలి? భయమేసింది. అయినా లైబ్రరీ వరండాలో పేపరు పరిచాను. ఇద్దరం తలలు తుంచుతూ కూర్చున్నాం. ఆ పిల్ల ఇంకా ఏమీ అనలేదు. నేను తలెత్తి చూడలేదు.