జోయెల్ ముందున్న గోడకు నేను పెట్టిన విందు

ఆట మొదలవుతుంటే మైదానంలో వంగిన డారెన్ ఒక చెయ్యి నేల మీద ఆనించి, రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకున్న క్షణంలో నాకు మొదటిసారి ప్రమాదం తెలిసింది. ఆ ఆటలో ఒక చెయ్యి నేల మీద ఉండటం మామూలే. రెండో చెయ్యి పొట్ట మీద ఉండాలని మాత్రం ఏ నియమాల పుస్తకంలోనూ లేదు.

ఆ పొట్టలో ఏముందో ఆ మైదానంలో నాకు తెలిసినంత వివరంగా ఇంకెవరికీ తెలియదు. పులావు, కోడికూర, గోంగూర మాంసం, పదకొండు గారెలు. వడ్డించిన చెయ్యి ఇదే, ఇప్పుడు కలం పట్టుకున్నది.

చదివేవాళ్లు కాస్త గుండె దిటవు చేసుకోండి. ఇందులో ఒక కుర్రాడి ఎముక విరుగుతుంది. ఒక తల్లి నన్ను నమ్మి అప్పజెప్పిన పని మట్టిలో కలుస్తుంది. రెండూ ఒకే మధ్యాహ్నం, నా వంటగదిలోంచే బయల్దేరాయి. నవ్వొస్తే నవ్వండి. నాకూ అప్పుడప్పుడు వస్తుంది, ఆ వెంటనే ఆగిపోతుంది.

మేం మెల్బోర్న్ శివార్లలో, క్లేటన్‌లో ఉండేవాళ్లం. మా వీధి చివరే ఎస్తేరు ఆంటీ ఇల్లు. భీమవరం దగ్గరి మనిషి, వృద్ధుల ఆశ్రమంలో నర్సు. ఆమెకు ఒక్కడే కొడుకు, జోయెల్, పద్దెనిమిదేళ్లవాడు. మెల్బోర్న్ అంతా ఫుటీ అంటూ, అంటే ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్ అంటూ ఊగిపోతుంటే వీడు మాత్రం అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ పట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఇక్కడ ఆ ఆట ఆడేవాళ్లే తక్కువ. చూసేవాళ్లను మా ఇంటి భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టవచ్చు.

ఆ ఆటలో జోయెల్ క్వార్టర్‌బ్యాక్. అంటే వెనక నిలబడి బంతి విసిరేవాడు. వాడి ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. అవతలి జట్టువాళ్లు ఆ గోడను పగలగొట్టుకుని వచ్చి వీణ్ణి నేలకేసి కొట్టాలని చూస్తారు. గోడ నిలిచినంతసేపే వీడు నిలుస్తాడు. మొదటిసారి ఇది అర్థమైన రోజు ఇంటికొచ్చి నా పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. సౌమ్యకు ఎనిమిదేళ్లు, కిరణ్‌కు ఐదు. ఇద్దరూ ఊపిరాడక గింజుకున్నారు.

ఎస్తేరు ఆంటీకి ప్రతి శనివారం డ్యూటీ. కొడుకు ఆట ఒక్కటీ చూడలేదు. సీజన్ మొదట్లో నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"సుజాతా, నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా. వాడికి ఒకటే చెప్పాను. ఎముకకి దెబ్బ తగిలిందా, ఆ రోజుతో ఆట బంద్. ప్రార్థనలో కూడా అదే చెప్పాను."

"మీరు నిశ్చింతగా డ్యూటీకెళ్లండి ఆంటీ. నేనున్నాను కదా" అన్నాను. ఇంత ధైర్యంగా నేను ఇంకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అప్పటికి అది అబద్ధమని నాకు తెలియదు, అంతే.

అలా ప్రతి శనివారం మైదానం పక్కన మడతకుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చునేవాళ్లం. నేను, మా ఆయన మోహన్, ఇరవయ్యేళ్లుగా ఇక్కడే ఉన్న డాక్టర్ రంగారావు అంకుల్. ఆట మైదానంలో ఒకటి జరిగితే మా కుర్చీల్లో ఇంకొకటి జరిగేది. జోయెల్ పైకొస్తాడా రాడా అన్నదే మా ఆట.

"వాడికి చెయ్యి ఉందమ్మాయ్, చూపు లేదు" అనేవారు అంకుల్. "హి స్టేర్స్ ఎట్ వన్ మ్యాన్. ఎవరికి వెయ్యబోతున్నాడో అవతలి టీమ్ మొత్తానికి ఉత్తరం రాసి మరీ వేస్తాడు."

"చూడ్డానికి టైమెక్కడ అంకుల్? ముందున్న ఐదుగురూ గాలికి పందిరి గుంజల్లా వాలిపోతుంటే, వాడు బంతి విసరాలా, ప్రాణం కాపాడుకోవాలా?"

"టైమ్ ఎవరూ ఇవ్వరు. తొందరగా వదిలెయ్యడం నేర్చుకోవాలి. దట్ ఈజ్ డెవలప్‌మెంట్."

"ఇద్దరూ తప్పే" అనేవారు మా ఆయన, ఇంజినీరు కాబట్టి కాగితం మీద గీతలు గీస్తూ. "అసలు పట్టుకునేవాళ్లేరీ? వాళ్లకి బంతంటే కాలుతున్న పెనం. ముట్టుకోవడం, వదిలెయ్యడం."

"ముందు గోడ గట్టిగా ఉండాలి" అనేదాన్ని నేను. "గోడ ఉంటే వీడు రాజు. గోడ లేకపోతే ఎవడైనా అంతే."

"గోడ, గోడ! అమ్మాయ్, నువ్వు కోచ్‌వా, తాపీమేస్త్రీవా?"

నాకు ఒళ్లు మండేది. నేను ఎమ్మెస్సీ చదివాను. సిద్ధాంతం ఉంటే ప్రయోగంతో నిరూపించాలని నాకు నేర్పారు. పైగా గోడ ఎందుకు బలహీనంగా ఉందో నేను కళ్లారా చూశాను. ఆటకు ముందు ఆ ఐదుగురూ కారు బానెట్ మీద పెట్టుకుని తలా ఒక మీట్ పై, అంటే మాంసం కూరిన కజ్జికాయలాంటిది, తినేవారు. అంతే. ఆ శరీరాలకు అరచేతిలో పట్టే ఒక్క పై! నాలోని తల్లి లేచి కూర్చుంది.

సీజన్ చివరి శనివారం రాష్ట్ర జట్టుకు కుర్రాళ్లను ఎంచే ఆయన వస్తున్నాడని తెలిసింది. జోయెల్ కోసమే వస్తున్నాడట. ఆట రెండు గంటలకు. మా ఇల్లు మైదానానికి రెండు వీధుల అవతల.

"జోయెల్, శనివారం పదకొండింటికి నీ ముందు నిలబడే వాళ్లందర్నీ మా ఇంటికి తీసుకురా. భోజనం."

"ఆంటీ, బిఫోర్ ద గేమ్? రియల్లీ?"

"రియల్లీనే."

వాడు ఇక్కడే పుట్టినవాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. కానీ పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదన్నది మాత్రం అచ్చ తెలుగులోనే నేర్చుకున్నాడు. తీసుకొచ్చాడు.

ఐదుగురూ, బెంచీ మీద కూర్చునే ఒకడూ, మొత్తం ఆరుగురు తలుపులోంచి పక్కకు తిరిగి వచ్చారు. అందరిలోకీ పెద్దవాడు డారెన్. వరసలో ఎడమ చివర నిలబడి, కుడిచేత్తో విసరడానికి పక్కకు తిరిగే జోయెల్ వీపును కాసేది అతనే. మర్యాదస్తుడు. బూట్లు గుమ్మం బయటే విప్పి, కూర్చునే ముందు కుర్చీ మొయ్యగలదో లేదో చేత్తో ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

ఇక్కడ మన పద్ధతి ఒకటి గుర్తు చెయ్యాలి. మనింట్లో భోజనానికి వచ్చినవాడు "చాలు" అంటే చాలని అర్థం కాదు. అది మొహమాటం. రెండోసారి అన్నా మొహమాటమే. నిజంగా చాలినవాడు కంచం మీద చెయ్యి అడ్డం పెడతాడు, వంగి కాపాడుకుంటాడు. అప్పుడు కూడా వేళ్ల సందుల్లోంచి ఒక గరిటె పడుతుంది. మా అమ్మ అలాగే వడ్డించింది, మా అత్తగారూ అంతే. ఇక కంచం ఖాళీగా ఉందంటే అది అడగడమే. ఖాళీ కంచం ముందు మనిషిని కూర్చోబెట్టడం ఇంటికి తలవంపులు.

డారెన్ మొదటి వాయి తిని కంచం అద్దంలా చేశాడు. నేను నింపాను.

"దట్స్ ప్లెంటీ, థ్యాంక్స్" అన్నాడు. మొహమాటం.

మళ్లీ తిన్నాడు. మళ్లీ అద్దం. మళ్లీ నింపాను.

"హానెస్ట్లీ, ఐ యామ్ రైట్, థ్యాంక్స్." ఇక చాలనడానికి ఇక్కడివాళ్ల మాట అది.

చెయ్యి అడ్డం పెట్టలేదు. గమనించండి, ఆరుగురిలో ఒక్కడు కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు! అంటే ఆకలి ఉన్నట్టే కదా. నేను వంటగదిలోకి పరుగెత్తి గారెల పళ్లెం తెచ్చాను.

జోయెల్ రెండు అరటిపళ్లు మాత్రం తిని, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నెమ్మదిగా డారెన్ చెవి దగ్గర అనడం విన్నాను: "లీవ్ సమ్ ఆన్ యువర్ ప్లేట్, మేట్."

"కాంట్. షి మేడ్ ఇట్" అన్నాడు డారెన్, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. "మై నాన్ వుడ్ కిల్ మీ."

వాళ్ల నాన్, అంటే అమ్మమ్మ, కంచంలో మెతుకు వదిలితే ఇంటామెను అవమానించినట్టని నేర్పిందట. నేను ఇది విని కరిగిపోయాను. ఎంత సంస్కారం! ఆ సంస్కారానికి మరో రెండు గారెలు వేశాను.

"ఆంటీ, ప్లీజ్" అన్నాడు జోయెల్. "దే కాంట్ సే నో. ఇఫ్ యూ కీప్ ఫిల్లింగ్ ఇట్, దే కీప్ ఈటింగ్."

"నువ్వూరుకో బాబూ. నీ కోసమే ఇదంతా. నీకు తెలీదు, వాళ్లకి మొహమాటం."

వాడు నా వైపు చూశాడు, గోడ మీద గడియారం వైపు చూశాడు, నోరు మూసుకున్నాడు. పెద్దదాన్ని కదా.

కంచం నిండిందని వాళ్లు తిన్నారు. ఖాళీ అయిందని నేను నింపాను. రెండు దేశాల మర్యాదలూ ఒకదాని వెనక ఒకటి గానుగ ఎద్దుల్లా ఒంటిగంట దాకా తిరిగాయి. ఆపిందెవరూ లేరు, గోంగూర అయిపోయి ఆగింది. ఆఖర్న ఒకడు బూట్లు వేసుకోవడానికి వంగలేక మా సౌమ్య చేత లేసులు కట్టించుకున్నాడు. అప్పుడు కూడా నేను నవ్వాను, ఆనందంగా.

ఆ రోజు ఎండ పెళ్లున కాసింది. ఈ దేశంలో వేడి మోసుకొచ్చే ఉత్తరపు గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వీస్తోంది. అంకుల్ కుర్చీలో కూర్చుని గోడ వైపు ఒకసారి చూశారు.

"అమ్మాయ్, ఈ వేళ మీ గోడ పాలిపోయినట్టు కనిపిస్తోందేం?"

"మీరే చూస్తారుగా అంకుల్" అన్నాను గర్వంగా.

అప్పుడే డారెన్ చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది.

మొదటి రెండు బంతులకు ఎలాగో నిలబడ్డారు. మూడోదానికి మధ్యలో ఉన్నవాడు కూర్చుండిపోయాడు. ఎవరూ తొయ్యలేదు. ఒకడు గీత దాటి చెట్ల వైపు పరుగెత్తాడు. వాడి బదులు బెంచీ మీదివాణ్ణి పిలిచారు. వాడూ నా అతిథే. వాడు లేచి, నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. కోచ్ అరుస్తున్నాడు. మా ఆయన కాగితం మీద గీతలు గియ్యడం ఆపి నా వైపు తిరిగారు.

"సుజాతా, ఎంత పెట్టావు?"

నా కళ్లు జోయెల్ మీదే ఉన్నాయి. వాడు బంతి పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. కుడివైపు దూరంగా ఒకడు ఒంటరిగా పరుగెడుతున్నాడు. జోయెల్ అతన్ని చూశాడు, చూసి తల తిప్పుకుని ఇంకొకణ్ణి చూశాడు, మళ్లీ మొదటివాడి వైపు తిరిగాడు. సీజనంతా అంకుల్ అడిగింది అదే. నేర్చుకున్నాడు. రాష్ట్ర జట్టు ఆయన కూడా పెన్ను తీశాడు.

ఎడమవైపు డారెన్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగి ఉన్నాడు. అతని పక్కనుంచి అవతలివాడు నడిచొచ్చినంత తేలిగ్గా వచ్చి, పరుగందుకుని, జోయెల్ వీపు మీద పడ్డాడు.

చప్పుడు మా కుర్చీల దాకా వినిపించింది.

జోయెల్ కదల్లేదు. నేను అప్పటిదాకా ఎన్ని భయాలు పడ్డానో, పిల్లల జ్వరాలు, రోడ్లు, సముద్రం, అన్నీ ఆ గడ్డి మీద పడి ఉన్న పిల్లవాడి ముందు ఆటబొమ్మలైపోయాయి. అంకుల్ ఆ వయసులో అలా పరుగెత్తగలరని నాకు తెలియదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడుతున్నారు. చాలాసేపటికి జోయెల్ ఎడమచేతి వేళ్లు కదిలాయి. కుడిచెయ్యి కదల్లేదు. కిరణ్ నా చీర కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. డారెన్ జోయెల్ పక్కనే నేల మీద కూలబడి "సారీ మేట్, సారీ మేట్" అంటూ, మధ్యలో పక్కకు తిరిగి నా పులావంతా కక్కుకున్నాడు.

క్లబ్ ఫోన్‌లోంచి ఎస్తేరు ఆంటీకి నేనే చెప్పాను. "నేనున్నాను కదా" అన్న నోటితోనే.

ఆంటీ నర్సు యూనిఫాంలోనే ఆసుపత్రికి వచ్చింది. కుడి భుజం దగ్గర ఎముక రెండు చోట్ల విరిగింది. నేను వరండాలో ఆమె ఎదుట నిలబడి అంతా చెప్పేశాను. పులావు నుంచి గారెల దాకా. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండును.

"అందరూ తిన్నారా?"

"ఆరుగురూ, ఆంటీ."

"వాడు తిన్నాడా?"

"రెండు అరటిపళ్లు."

"పొద్దున్న కూడా ఏమీ తినలేదు" అంది. లోపలికి వెళ్లి కొడుకు తల నిమిరింది. "ఇంక ఆట లేదు నాన్నా. అనుకున్నాం కదా." వాడు సరేనని తలూపి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ బంతి ముట్టుకోలేదు. ఇప్పుడు యూనివర్సిటీకి వెళ్తున్నాడు, బాగా చదువుతున్నాడు. నేను ఎదురైతే ముందు వాడే నవ్వుతాడు.

బయటికి వస్తుంటే అంకుల్ నా పక్కన నడిచారు. చొక్కా నిండా మట్టి.

"అమ్మాయ్, సీజనంతా నీతో వాదించాను. తప్పు నాదే. పిల్లాడి చూపు బాగానే ఉంది, చెయ్యీ బాగానే ఉంది. గోడ లేకపోతే ఎవడైనా అంతే అన్నావు. నిరూపించావు."

నా జీవితంలో నేను గెలిచిన పెద్ద వాదన అదొక్కటే.

కనుక పాఠకుల సమక్షంలో, ఎమ్మెస్సీ పట్టా సాక్షిగా, రాస్తున్న ఈ కుడిచేతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఇంట్లో చాలు అన్నవాడికి చాలే. నోటితో అన్నా, చేత్తో అన్నా, చెమటతో అన్నా. ఆటగాడైతే మంచినీళ్లు కూడా అడిగితేనే ఇస్తాను.

మర్నాడు పొద్దున్న పిల్లలిద్దరూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. సౌమ్య నెమ్మదిగా అడిగింది.

"మమ్, డిడ్ యూ బ్రేక్ జోయెల్?"

ఎండ అనొచ్చు. అవతలి జట్టువాడు అనొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"అవునమ్మా" అన్నాను. "అమ్మే విరగ్గొట్టింది. చేత్తో కాదు, గరిటెతో. ఇంకెప్పుడైనా ఎవరైనా చాలంటున్నా అమ్మ వినిపించుకోకపోతే, మీరు పెద్దా చిన్నా చూడొద్దు. లేచొచ్చి గరిటె లాగేసుకోండి."